ఒళ్ళు చేయడం

పోయిన నెల మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చీ రాగానే, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని దగ్గరికి తీసుకుని, తల నిమిరి, "నా తల్లే, ఇప్పటికి కాస్త ఒళ్ళు చేశావే" అంది. అమ్మ దృష్టిలో అది దీవెన. మా ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. పిల్ల నవ్వలేదు.

ఆ రాత్రి అది అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్న ఒక అరటిపండుతో సరి. మూడో రోజుకి గానీ మాకు విషయం అర్థం కాలేదు. "నాన్నమ్మ నన్ను లావయ్యావంది" అని తలుపేసుకుని ఏడుస్తోంది. అమ్మేమో హాల్లో కూర్చుని, "ఒరే, నేనేమన్నానురా? బాగున్నావంటే ఏడుస్తుందేమిటీ పిల్ల?" అని బిక్కమొహం వేసింది.

ఒకటే మాట. డెబ్భై దాటిన ఆవిడకి మెచ్చుకోలు, పదిహేనేళ్ళ పిల్లకి తిట్టు. మధ్యలో నేను. నా సంగతి చెప్పాలంటే, సరిగ్గా దానికి వారం ముందే ఆఫీసువాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నాకు ఫ్యాటీ లివర్ అని తేలింది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. చూసినవాళ్ళెవరూ లావనరు. అమ్మయితే ఇప్పటికీ "చిక్కిపోయావురా" అనే అంటుంది. రిపోర్టు మాత్రం వేరేలా అంటోంది.

ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే బియ్యం తింటూ, ఒకే మాటకి మూడు అర్థాలు చెప్పుకుంటున్నాం. ఇదెలా జరిగిందా అని తీరిక దొరికినప్పుడల్లా తవ్వుతూ పోయాను. నేను చరిత్రకారుణ్ణి కాదు, డాక్టర్నీ కాదు. పగలు జావా, రాత్రి ప్రొడక్షన్ సపోర్టు. కానీ ఇరవై ఏళ్ళకి పైగా ఫిల్మ్‌నగర్ కొండ దిగువన, షేక్‌పేట వైపు ఉంటున్నాను. తెలుగువాడికి ఏ ఒళ్ళు అందమో నిర్ణయించేది మా కొండ మీదే కాబట్టి, ఈ విషయం మీద మాట్లాడే హక్కు కొంచెం ఉందనుకుంటున్నాను :)

ముందు మాటల సంగతి చూద్దాం. 'లావు' అనే మాటకి పాత తెలుగులో అర్థం బలం. పోతన గజేంద్రుడు మొసలితో పోరాడి పోరాడి తనలో లావు లేదని మొరపెట్టుకున్నప్పుడు, డైటింగ్ చేసి సన్నబడ్డానని కాదు ఆ ఏనుగు చెప్పేది, సత్తువ అయిపోయిందని. బలం అనే మాట కొవ్వు అనే అర్థంలోకి ఎలా జారిందో చూడండి. అలాగే 'చిక్కిపోవడం' అంటే మనకి జాలి. ఇక 'ఒళ్ళు చేయడం' మరీ బాగుంటుంది. ఒళ్ళు అనేది పుట్టుకతో వచ్చేసిన వస్తువు కాదు, చేసుకోవాల్సిన పని అన్నట్టు ఉంది కదా ఆ మాట. ఇంతకీ ఆ పని చేసేదెవరు? మనమేనా?

మా అమ్మ మాట వెనకాల ఎన్ని వందల ఏళ్ళ ఆకలుందో మనం మర్చిపోయాం. 1876లో మొదలైన కరువుని సీమలో ధాత కరువన్నారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనులకొచ్చిన మగమనిషికి సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో ఖాయం చేసిన రోజుకూలీ ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే సుమారు 450 గ్రాములు. దాంతో రోజంతా మట్టి మొయ్యాలి. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం అలాంటి కరువు పనుల్లో తవ్విందే. మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న కార్నిష్ అనే డాక్టరు, ఆ తిండితో ఆ పని చేస్తే మనుషులు నిలవరని గట్టిగా వాదించాడు. మనిషి ఒంటికి రోజుకెంత కావాలి అన్నది అప్పుడే ఒక ప్రభుత్వ లెక్క, ఒక బడ్జెట్ తగాదా అయిపోయింది. అలాంటి కాలంలో బొద్దుగా ఉన్న పిల్లంటే అర్థం ఏమిటి? ఆ ఇంట్లో గాదె నిండుగా ఉందని. జబ్బుల్లేవని. ఈ ఏడాది బతుకుతుందని.

కాబట్టి తొలినాళ్ళ మన వీరుడి ఒళ్ళు కూడా అలాగే ఉండేది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు (1882–1942) గుర్తున్నాడా? ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవాడు, గొలుసులతో కార్లని ఆపేవాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, సొంతంగా సర్కస్ నడిపాడు. ఇండియన్ హెర్క్యులస్ అన్నారు ఆయన్ని. ఆయన ఫొటోలు చూస్తే ఇవాళ్టి జిమ్ కోచ్ పెదవి విరుస్తాడు. పలకలు తేలిన పొట్ట కాదు అది, స్తంభంలాంటి నడుం. ఎందుకంటే ఆ ఒళ్ళు పని చేసి చూపించడానికి, చొక్కా విప్పి చూపించడానికి కాదు. కండల్ని విడివిడిగా పెంచి వేదిక మీద ప్రదర్శించే పద్ధతి యూజెన్ శాండోది. ఆయన 1905 ప్రాంతంలో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. మన తాలింఖానాల్లో, సాము గరిడీల్లో తయారైన ఒంటికీ, శాండో చూపించిన ఒంటికీ తేడా ఒకటే: మొదటిది ఏం చేయగలదో ముఖ్యం, రెండోది ఎలా కనపడుతుందో ముఖ్యం. ఈ రెండో రకం మన తెర మీద గెలవడానికి ఇంకో నూరేళ్ళు పట్టింది.

సినిమాల దగ్గరికొద్దాం. 1953లో దేవదాసు వచ్చింది. నాగేశ్వరరావు మొహంలో ఆ నీరసం రావడానికి రాత్రిళ్ళు షూటింగ్ పెట్టి, పెరుగన్నం తినిపించి, నిద్రకళ్ళతో నటింపజేశారని చెప్పుకుంటారు. ఆ కాలానికి చిక్కిన ఒళ్ళంటే నాశనం. ప్రేమ పోయినవాడు, ఇల్లు పోయినవాడు, ఊపిరితిత్తులు పోయినవాడు సన్నగా ఉంటాడు. దానికి అటువైపు ఎస్వీ రంగారావు. నర్తనశాల (1963)లో ఆయన కీచకుడు, ఎన్టీఆర్ బృహన్నల. ఆ కీచకుణ్ణి చంపే భీముడి వేషానికి ఏకంగా దండమూడి రాజగోపాలరావుని తెచ్చారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకం తెచ్చిన మనిషి. బెజవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. నిజంగా బరువులెత్తినవాడు తెర మీద ఎలా కనపడ్డాడో ఒకసారి చూడండి. సిక్స్‌ప్యాక్ వెతక్కండి, దొరకదు. అదే సినిమా కోసం ఎన్టీఆర్ వెంపటి చినసత్యం దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. నలభైకి చేరువలో ఉన్న స్టారు, మళ్ళీ మొదటినుంచీ తన చేతుల్ని, నడుముని, మెడని వేరే రకంగా కదపడం నేర్చుకోవడమంటే మాటలు కాదు.

ఈ నేర్చుకోవడం అన్నదే అసలు విషయం. మార్సెల్ మోస్ అని ఫ్రెంచి పండితుడొకాయన 1934లో ఒక ఉపన్యాసమిచ్చాడు. తను న్యూయార్క్‌లో జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అక్కడి నర్సుల నడక ఎక్కడో చూసినట్టు అనిపించిందట. ఎక్కడా ఎక్కడా అని ఆలోచిస్తే తట్టింది, సినిమాల్లో! ఫ్రాన్సుకి తిరిగొచ్చాక చూస్తే ప్యారిస్ అమ్మాయిలు కూడా అలాగే నడుస్తున్నారు. అమెరికా నడక సినిమా రీళ్ళలో ఎక్కి సముద్రం దాటింది. నడవడం, కూర్చోవడం, ఈదడం, తవ్వడం ఇవన్నీ ప్రకృతి ఇచ్చినవనుకుంటాం గానీ, ఒక్కో సమాజం తన పిల్లలకి నేర్పే విద్యలే అంటాడాయన. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషు సైనికులు ఫ్రెంచి పారలతో తవ్వలేకపోతే డివిజన్‌కి ఎనిమిది వేల పారలు మార్చాల్సొచ్చిందని ఉదాహరణ కూడా ఇచ్చాడు.

ఇదంతా ఫ్రెంచివాడు చెబితే గొప్ప సిద్ధాంతం. మనకి మాత్రం కె.వి.రెడ్డి 1957లోనే సినిమా తీసి చూపించాడు. మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ రూపమెత్తుతాడు. బొమ్మ సావిత్రిది, లోపలున్నది రంగారావు. గుర్తున్నంతసేపు వయ్యారంగా నడుస్తుంది. మర్చిపోతే చాలు, భుజాలు విప్పి, అడుగు బరువుగా పడుతుంది. హాలంతా గొల్లుమంటుంది. ఎందుకు నవ్వుతాం? ఆడనడక, మగనడక ఎముకల్లో లేవని, అవి ఎవరో నేర్పితే వచ్చినవని, మర్చిపోతే జారిపోతాయని మనందరికీ లోపల తెలుసు కాబట్టి. దీన్ని నేను చిన్నప్పట్నుంచి కనీసం పాతికసార్లు చూసుంటాను. మోస్ గురించి చదివాక గానీ ఏం చూస్తున్నానో తెలియలేదు.

మన తరం సంగతీ అంతే. 1987లో పసివాడి ప్రాణంలో చిరంజీవి బ్రేక్ డాన్స్ చేశాక మా ఊళ్ళో కుర్రాళ్ళ భుజాలు ఊరికే ఉండేవి కావు. కాలేజీ యానివర్సరీలో విరగదీసినవాళ్ళు కొందరు నిజంగానే మోచేతులు విరగ్గొట్టుకున్నారు. 1990లో కర్తవ్యంలో విజయశాంతి పోలీసు డ్రెస్సు వేసుకుని నిటారుగా నిలబడిన తీరుకి జాతీయ అవార్డూ వచ్చింది, మా క్లాసు ఆడపిల్లల్లో ఇద్దరు ముగ్గురి నడకా మారింది. అంతకుముందు తలొంచుకుని, పుస్తకాలు గుండెకి హత్తుకుని నడిచేవాళ్ళు. అది కూడా పుట్టుకతో వచ్చింది కాదుగా మరి.

సరే, నడక సరే. మరి లావు సన్నం కథ ఎప్పుడు తిరగబడింది?

నా లెక్క ప్రకారం మూడు సంఘటనలు కలిశాయి. మొదటిది అన్నం. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట (1852) డెల్టాకి నీళ్ళిచ్చింది, హరిత విప్లవం దిగుబడి పెంచింది, మిల్లులు దంపుడు బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టాయి. చివరికి 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఇచ్చినవాడు ఎవరు? తెర మీద నిండైన ఒంటితో రాముడు, కృష్ణుడు వేసినాయనే. జనం ఆ ఒంట్లో అన్నం చూశారేమో, ఆయన ముఖ్యమంత్రి అయ్యి నిజంగానే అన్నం పెట్టాడు. కానీ అందరికీ తెల్లన్నం దొరకడం మొదలయ్యాక, పొట్ట డబ్బున్నవాడి గుర్తుగా మిగల్లేదు. అరుదైనదే కదా అందం. అన్నం అరుదైన కాలంలో పొట్ట అందం; తీరిక అరుదైన కాలంలో పొట్ట లేకపోవడం అందం.

రెండోది, పరిశ్రమ ఇల్లు మారడం. నాగేశ్వరరావు 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి, 1976లో అన్నపూర్ణా స్టూడియోస్ ప్రారంభించారు. తర్వాత కృష్ణ పద్మాలయా, రామానాయుడు స్టూడియో వచ్చాయి. రాళ్ళగుట్టలు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అయ్యాయి. మద్రాసులో ఉన్నప్పుడు హీరో పోస్టరు మీద మాత్రమే కనపడేవాడు. ఇప్పుడు కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్ళలో ఎవరో ఒకరు కనపడతారు. గేటు బయట రాగిజావ తాగుతూ మనం వాళ్ళ నడుం కొలుస్తాం. మూడోది, 1998లో సైబర్ టవర్స్. మా కొండకి అరగంట దూరంలో (ట్రాఫిక్ ఉంటే గంట) వేలమంది కుర్చీల్లోకి వచ్చి కూర్చున్నారు. చేతిలో డబ్బుంది, ఒంటికి పని లేదు. గొప్ప మార్కెట్.

2007 జనవరిలో దేశముదురు వచ్చింది. అల్లు అర్జున్ చొక్కా విప్పాడు. సిక్స్‌ప్యాక్ అనే మాట మన ఇళ్ళలోకి అప్పుడే వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో యమదొంగలో జూనియర్ ఎన్టీఆర్ బాగా బరువు తగ్గి, గుర్తుపట్టలేనంతగా మారి కనిపించాడు. తమాషా ఏమిటంటే, అదే సినిమాలో పెద్ద ఎన్టీఆర్‌ని గ్రాఫిక్స్‌తో తెర మీదికి తెచ్చారు. తాత ఒళ్ళు, మనవడి ఒళ్ళు ఒకే సినిమాలో. రెండూ హీరో ఒళ్ళే. మధ్యలో మారింది జన్యువులు కాదు, దేశం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ పలకల పొట్ట ఊరికే రాదు. ట్రైనరు, వంటమనిషి, సప్లిమెంట్లు, ఆర్నెల్లపాటు రోజుకి మూడు నాలుగు గంటల సమయం కావాలి. చొక్కా విప్పే షాటుకి ముందు ఉప్పు, నీళ్ళు తగ్గించి చర్మాన్ని కండకి అతికించుకునే పద్ధతీ ఉంది. ఆ పొట్ట ఆ షాటులో ఉన్నట్టు ఏడాది పొడుగునా ఉండదు, ఉండకూడదు కూడా. అదీ ఒక ప్రాజెక్టే, రిలీజ్ డేటుతో సహా. మనం మాత్రం దాన్ని ఆరోగ్యం అనుకుంటాం. కావాలంటే పొద్దున్నే కృష్ణానగర్ వెళ్ళి చూడండి. జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు, డూపులు పిలుపు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. హీరో బదులు అద్దం పగలగొట్టుకుని పడేది వాళ్ళ ఒళ్ళు. తెర మీద కనపడే ఒక్క ఒంటి వెనకాల కనపడని ఒళ్ళు చాలా ఉన్నాయి.

ఆడవాళ్ళ విషయంలో కథ ఇంకా కఠినం. 2015 ఏడాది ఒక్కటే తీసుకోండి. జులైలో బాహుబలి వచ్చింది, ప్రభాస్, రానా ఒళ్ళు పెంచిన తీరు చూసి దేశమంతా చప్పట్లు కొట్టింది. నవంబరులో అనుష్క 'సైజ్ జీరో' వచ్చింది. ఆవిడ కావాలని బరువు పెరిగి, త్వరగా సన్నబడాలనే పిచ్చి మీద, ఆ పిచ్చితో చేసే వ్యాపారం మీద తీసిన సినిమాలో నటించింది. మెచ్చుకున్నవాళ్ళకంటే, మళ్ళీ ఎప్పుడు తగ్గుతుందని అడిగినవాళ్ళే నాకు ఎక్కువ తగిలారు. ఈ రెండిటికీ ముందు, జూన్ 6న, ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో చనిపోయింది. 31 ఏళ్ళు. నువ్వు నాకు నచ్చావ్ (2001)తో మనందరి అభిమాన హీరోయిన్ అయిన పిల్ల. అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఏది దేనికి కారణమో తేల్చడానికి నేనెవర్ని? కానీ ఆవిడ బరువు మీద ఏళ్ళ తరబడి జోకులేసింది ఎవరు? వెబ్‌సైట్లలో ఫొటోల కింద రాసింది మనమే, అంటే ఆఫీసుల్లో కూర్చుని ఇంటర్నెట్ ఉన్నవాళ్ళం. నేను కూడా ఒకట్రెండు ఫార్వర్డ్ చేశాను. ఒప్పుకోవాలి.

సావిత్రి కాలంలో మాత్రం బొద్దుతనం తప్పు కాదు. ఆవిణ్ణి తీసుకెళ్ళింది బొద్దుతనం కాదు, షుగరు, బీపీ, తాగుడు, ఒంటరితనం. పంతొమ్మిది నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న పోయింది. ఈ తేడా ముఖ్యం. కనపడే ఒళ్ళు వేరు, లోపలి ఒళ్ళు వేరు. మనం మొదటిదాని గురించి వందేళ్ళుగా కొట్టుకుంటున్నాం, చంపేది రెండోది.

ఇక్కడే నా ఫ్యాటీ లివర్ రిపోర్టు దగ్గరికొస్తాను. 2004లో లాన్సెట్‌లో ఒక ఫొటో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు, పుణెకి చెందిన యాజ్ఞిక్, లండన్‌కి చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనపడుతూ లోపల కొవ్వు దాచుకునే భారతీయుడి ఒళ్ళు అది. అందుకే మన డాక్టర్లు 25 కాదు, 23 దాటితేనే జాగ్రత్త అంటారు. నాది 23.5.

మరి దీన్ని ఎవరు చేశారు? జన్యువుల వాటా ఉండొచ్చు, తల్లి కడుపులో దొరికిన తిండి వాటా ఉండొచ్చు. కుర్చీ వాటా మాత్రం ఖాయం. మన దేవదాసు వచ్చిన 1953లోనే లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల మీద ఒక అధ్యయనం అచ్చేశాడు. ఒకే కంపెనీ, ఒకే బస్సు, ఒకే తరగతి మనుషులు. రోజంతా కూర్చునే డ్రైవర్లకి గుండెజబ్బులు ఎక్కువ, మెట్లెక్కి దిగే కండక్టర్లకి తక్కువ. మనమంతా డ్రైవర్లమే, బస్సు లేదు అంతే. 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో హైదరాబాద్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు మన ఊరి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి రాశారు: 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఉండాల్సినదానికన్నా ఎక్కువ. 345 మందిని చూసి అందరికీ అంటగట్టకూడదు, నిజమే. అయినా మీ క్యూబికిల్ వరస ఒకసారి లెక్కపెట్టుకోండి.

ఇంకో చిన్న పరీక్ష. మడమలు నేలకానించి గొంతుక్కూచోండి చూద్దాం. మా నాన్న డెబ్భై ఏళ్ళప్పుడు కూడా అరుగు మీద అలా కూచుని పేపరు చదివేవాడు. నేను పది సెకన్లు ఆగలేను, వెనక్కి పడతాను. 1890లలో లాహోర్‌లో పాఠాలు చెప్పిన హేవ్‌లాక్ చార్లెస్ అనే అనాటమీ ప్రొఫెసరు, పంజాబీల కాలి ఎముకల మీద గొంతుక్కూచోవడం వల్ల ఏర్పడే నున్నటి గుర్తుల్ని వర్ణించాడు. అలవాటు ఎముక మీద కూడా రాసిపెడుతుందన్నమాట. మోస్ కూడా ఇదే వాపోయాడు. ఫ్రెంచి పిల్లలందరికీ గొంతుక్కూచోవడం వచ్చు, పెద్దవాళ్ళు దాన్ని పోగొట్టుకుంటున్నారని. మనం ఒక్క తరంలో పోగొట్టుకున్నాం. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుని తినడం పెళ్ళిళ్ళలో కూడా పోయింది.

"ఇదంతా సాకు, బద్ధకం అని చెప్పొచ్చుగా" అంటాడు మా టీంలో మారథాన్లు పరిగెత్తే మిత్రుడు. అతనన్నదాంట్లో నిజం లేకపోలేదు. రాత్రి పదకొండింటికి కాల్ అయ్యాక బిర్యానీ ఆర్డరిచ్చింది నా వేళ్ళే. కానీ ఒక్క సర్వరు పడిపోతే ఆ సర్వరు తప్పంటాం. వందలో ఎనభైనాలుగు పడిపోతే ఎవడైనా డిజైన్ చూస్తాడు కదా. న్యూయార్క్ టైమింగులు, పన్నెండు గంటల కుర్చీ, ఫుట్‌పాత్ లేని రోడ్డు, వాయిదా పడని డెలివరీ డేటు, ఇవి కలిసి చేసిన ఒళ్ళిది. ధాత కరువులో మనిషి చిక్కిపోతే అతని బద్ధకం అనలేం. మన ఒళ్ళు పెరిగితే మాత్రం ఎవడి ఖర్మ వాడిదంటున్నాం. డిజైన్ మార్చమని అడగడం, వీలైనంతవరకు నా పద్ధతి నేను మార్చుకోవడం రెండూ చేయాలి. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదనుకోవడం దగ్గరే మనం దెబ్బతింటున్నాం.

ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగో రోజు అమ్మాయికి ఇదంతా చెప్పబోయాను. పోతన, టెంపుల్, లాన్సెట్... ఐదు నిమిషాలకే "నాన్నా, పీపీటీ వద్దు" అంది. అమ్మే నయం. పిల్ల పక్కన కూచుని తన చిన్నప్పటి సంగతి చెప్పింది. వాళ్ళ చెల్లెలు ఒకామె ఏడేళ్ళకి జబ్బు చేసి, చిక్కి చిక్కి, చేతి గాజులు నిలవకుండా జారిపోయేవట. ఆఖరికి పిల్ల దక్కలేదు. "అప్పట్నుంచి ఏ పిల్లయినా కాస్త ఒళ్ళు చేస్తే నా ప్రాణం లేచొస్తుందే. అంతేగానీ నిన్నేదో అన్నానా?" అంది. ఈ సంగతి నాకే తెలియదు, నలభై ఏళ్ళు దాటాక మొదటిసారి విన్నాను.

పిల్ల ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తిన్నది, కొంచెమే అయినా. ఇది ఇంతటితో తీరిపోయే గొడవ కాదని నాకు తెలుసు. దాని ఫోన్లో రోజూ కనపడే నడుములు నాన్నమ్మ కథ కంటే బలమైనవి. అవసరమైతే డాక్టరుకి కూడా చూపిస్తాం. కానీ ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరి ఒంటి గురించీ, మెచ్చుకోలుగా కూడా, ముందుగా మాట్లాడకూడదు. అమ్మకి కష్టమే, "మరి పిల్లల్ని చూడగానే ఏమనాలిరా?" అంటోంది.

నాకూ తెలియదు. మీ ఇళ్ళలో ఏమంటున్నారు?